ఓస్తేటి వారి సంతకం

కొన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక కాగితం ముక్క. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అచ్చయిన ఐదు డాలర్ల నోటు. దాన్ని నేను దొంగిలించలేదు. డబ్బు కట్టి, అన్నీ సక్రమంగా చేసి, చట్టప్రకారం కొనుక్కున్నాను. ఏ కోర్టుకి వెళ్ళినా నేనే గెలుస్తాను. నన్ను లోపల తినేస్తున్నది కూడా అదే. పట్టుబడే అవకాశం కూడా లేకుండా తప్పు చేశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే ఓదార్చేస్తారు. మా చర్చిలో చెబితే ఇంకా ప్రమాదం. "సహోదరుడు ఒప్పుకున్నాడు, దేవునికి స్తోత్రం" అని చప్పట్లు కొట్టి, ఆ పూటే క్షమించేసి, భోజనాలకి లేస్తారు. అంత చవకగా తేలిపోవడం నాకు ఇష్టం లేదు.

నేనుండేది వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో. డేటా సెంటర్లో ఉద్యోగం. పాత అమెరికన్ నోట్లు పోగుచెయ్యడం నా పిచ్చి. ఆ రోజుల్లో చిన్న చిన్న ఊళ్ళ బ్యాంకులు కూడా ప్రభుత్వం అనుమతితో తమ పేరు మీద నోట్లు విడుదల చేసేవి. నోటు మీద ఊరి పేరు ఉంటుంది. కింద ఆ బ్యాంకు క్యాషియరూ, ప్రెసిడెంటూ కలంతో సంతకాలు పెట్టేవారు. నోటు నలగకుండా, సిరా వెలిసిపోకుండా ఉంటే, ఆ ఊరి నోట్లు మరెక్కడా మిగలకపోతే, దాని కోసం వేలంలో పెద్దమనుషులు కూడా చిన్నపిల్లల్లా పోట్లాడతారు. ఇవెందుకు నీకు అని అడిగినవాళ్ళకి చరిత్ర మీద ప్రేమ అని చెప్పేవాణ్ణి. అది నిజమేనా? ఇప్పుడు ఆలోచిస్తే కాదనిపిస్తోంది. తెల్లవాళ్ళు మాత్రమే నిండిన గదిలోకి వెళ్ళి, వాళ్ళ తాతల కాగితాల గురించి వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసనిపించుకోవాలి. నాకు కావలసింది అదీ. కాఫీ దగ్గర ఒక ముసలాయన "నీకు ఇవన్నీ ఎలా తెలుసు?" అని ఆశ్చర్యపోతే వారం రోజులు ఆ మాట మీదే బతికేవాణ్ణి.

ప్రభుదాసు మా తెలుగు చర్చికి, అమెరికాలోనే ఇంకో మూలనున్న చాండ్లర్ నుంచి ఉద్యోగం మారి వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇల్లు చూసిపెట్టింది నేను, పిల్లలకి స్కూల్ చూపించింది నేను. ఆఖరికి ఈ నోట్ల పిచ్చి అంటించిందీ నేనే. అతన్ని నేను ప్రేమించాను. ఈ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం. ప్రేమించడానికి అతను నాకంటే ఒక మెట్టు కింద ఉండటం ఎంతో వీలుగా ఉండేది.

అతని ఇంటి పేరు ఓస్తేటి. మనవాళ్ళు ఇంటి పేరు ఎందుకు అడుగుతారో మీకు తెలుసు. నా ఇంటి పేరు చెబితే ఎదుటివాడికి రెండో ప్రశ్న అవసరం ఉండదు. మా తాతల కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చాం గానీ, ఆ పేరూ, దాని వెనకున్న కులం గౌరవమూ భద్రంగా వెంట తెచ్చుకున్నాం. ప్రభుదాసు పేరు చెబితే మాత్రం జనం కనుబొమలు ముడిచేవారు. "ఓస్తేటి అంటే ఏమిటోళ్ళు?" అని చర్చి వంటగదిలో గుసగుసలు. అతనూ చెప్పలేకపోయేవాడు. కరువులో దిక్కులేని పిల్లాడిగా దొరికిన అతని ముత్తాతని అమెరికా మిషను వాళ్ళు బోర్డింగ్ స్కూల్లో పెంచారట. అంతకు ముందు ఏమీ తెలియదు. తెలియకపోయినా అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా నేను చాలా మంచివాణ్ణి కాబట్టి అతన్ని పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి.

ఒక ఆదివారం చర్చి అయ్యాక వేలం కేటలాగ్ తెచ్చి అతనికి చూపిస్తున్నాను. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి బ్యాంకు నోటు. వెనకవైపు గోధుమరంగు. ఆ బ్యాంకువి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా మిగల్లేదు. కింద ప్రెసిడెంటు సంతకం: హోస్టెటర్. ఈ పేరు నేను కొన్ని వందల సార్లు అమెరికా వాళ్ళ నోట విన్నాను. వాళ్ళు నాలుక మడిచి 'హాస్టెడర్' అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. ప్రభుదాసు పల్లెటూరి తెలుగు మీడియంలో చదివాడు. ఇంగ్లీషు పేరు కొత్తదైతే ఇప్పటికీ అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. "హోస్... టే... టర్" అని వేలుపెట్టి చదివాడు. ఆగాడు. మళ్ళీ చదివాడు. ఈసారి ఇంకా మెల్లగా.

"అన్నా, ఇది మా బడి గోడ మీద రాతిపలకలో ఉన్న పేరు. ఇదిగో, ఈ ఊరు కూడా అదే" అన్నాడు.

బడి కట్టడానికి డబ్బు పంపిన దాత పేరు ఆ రాతిపలక మీద ఇంగ్లీషులో ఉందట. చిన్నప్పుడు రోజూ దాని కింద నుంచే క్లాసులోకి వెళ్ళేవాడట. ఒక్కో దాత ఒక్కో అనాథ పిల్లాడి ఖర్చు పెట్టుకుంటే ఆ పిల్లాడికి దాత పేరు పెట్టేవారని విన్నాడు గానీ, తన ఇంటి పేరే అదని అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఎలా తడుతుంది? ఊరి నోళ్ళలో పడి హోస్టెటర్ కాస్తా కొండేటి, అన్నేటి లాగా ఓస్తేటి అయి కూర్చుంది. అంత శుద్ధమైన తెలుగు పేరు అమెరికాది అని ఎవరనుకుంటారు?

అతని కళ్ళు నిండాయి. నేను భుజం తట్టాను. ఆ నిమిషంలోనే నాకు ఒళ్ళు మండిందని మీకు చెప్పాలి. పదిహేనేళ్ళుగా డబ్బు పోసి, పుస్తకాలు చదివి, పరాయివాళ్ళ సంతకాలు పోగేశాను. ఒక్కటీ నాది కాదు. నిన్న గాక మొన్న వచ్చినవాడు ఒక్క చూపులో తన పేరు తను చదువుకున్నాడు. నా ఇంటి పేరు వెనక కులం ఉంది. అతని ఇంటి పేరు వెనక అమెరికా ఉంది. నేను పదిహేనేళ్ళుగా ఏ గదిలోకి పిలిపించుకోవాలని పాకులాడానో, ఆ గదిలో వాళ్ళ ముత్తాత పేరు ముందునుంచే ఉంది.

అప్పుడు వాళ్ళ నాన్నగారు ఇక్కడే ఉన్నారు. సామ్యేలు మాస్టారు. జిల్లా పరిషత్ స్కూల్లో హిందీ చెప్పి రిటైరయిన మనిషి. ఆర్నెల్లకి కొడుకు దగ్గరికి వచ్చారు. తిరుగు ప్రయాణం దగ్గర పడింది. తర్వాతి ఆదివారం నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఓస్తేటి అంటే మనిషి పేరా బాబూ? నేను ఏదో ఊరి పేరనుకున్నాను" అన్నారు. స్టాఫ్ రూములో ముప్పై ఏళ్ళపాటు ఆ పేరు మీద ఎన్ని జోకులు భరించారో నవ్వుతూ చెప్పారు. ఆ కాగితం ఒక్కసారి చేతిలో పట్టుకుని చూడాలి, అంతే అన్నారు. ప్రభుదాసు దాన్ని కొని, విమానం ఎక్కేలోగా ఆయన చేతిలో పెట్టాలనుకున్నాడు.

వేలాన్ని మా వైపు పాట అంటాం. చీటీల పాటలో మాకొక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా ఆపరేషనో, పెళ్ళో వస్తే ఆ మనిషి పాటకి ముందు లేచి నిలబడి, "ఈసారి నాకు వదిలెయ్యండి" అని చేతులు జోడిస్తాడు. ఇంక ఎవరూ పాడరు. పాడినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ మనిషిగా లెక్కెయ్యరు. ప్రభుదాసు నన్ను అడిగింది కూడా అదే మాటలో. "అన్నా, నువ్వూ దాని మీద కన్నేశావని తెలుసు. ఈ పాట నాకు వదిలెయ్." వదిలేశాను పో, అన్నాను. వేలం హాలుకి నోట్లు కొనడానికి వచ్చేవాళ్ళు ఎవరెవరో చెబితే వాళ్ళనీ ముందే కలిసి అడుగుతానన్నాడు. ఇది చీటీ కాదురా, అమెరికా, అని నవ్వాను. తర్వాత, అన్నగారి బాధ్యతగా, ఎంతదాకా వెళ్ళగలవు అని అడిగాను. తన ఆఖరి అంకె చెప్పాడు. ఆ అంకె భార్యకి కూడా ఇంకా చెప్పలేదన్నాడు.

ఆ మర్నాడే వేలం కంపెనీకి నా బిడ్ ముందుగా పంపించాను. హాలుకి రానివాళ్ళు తమ ఆఖరి అంకె రాసి పంపొచ్చు. వేలం వేసే మనిషి వాళ్ళ తరఫున తనే పాడతాడు. పేరు బయటికి రాదు. నేను రాసింది అతని అంకె మీద సరిగ్గా ఒక్క మెట్టు, అంటే పాటలో ఒకసారి పెంచేటంత. ఎందుకు ఒక్క మెట్టే? నాకు ఇంకా ఎక్కువ ఇచ్చుకునే స్తోమత ఉంది. గెలవాలనే ఉంటే ఎక్కువే రాసేవాణ్ణి కదా? దేవుడికి ఒక అవకాశం వదిలాను అనుకున్నాను అప్పుడు. అతనికి రాసిపెట్టి ఉంటే ఒక్క మెట్టు ఎక్కుతాడు, నా తప్పేముంది అని. పాపానికి కూడా దేవుణ్ణి భాగస్వామిగా కలుపుకునే తెలివి మాలాంటి చర్చి పెద్దలకే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం బాల్టిమోర్‌లో, ఒక హోటల్ హాల్లో వేలం. ముగ్గురం నా కార్‌లోనే వెళ్ళాం. నేనే డ్రైవ్ చేశాను. హాల్లో మాస్టారు మధ్యలో, అటు ప్రభుదాసు, ఇటు నేను. నా చేతులు రెండూ ఖాళీగా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ ఖాళీ చేతుల గురించి ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను.

పాట మొదలైంది. హాల్లో ఇద్దరు ముగ్గురు కాసేపు చెయ్యెత్తి మానుకున్నారు. మిగిలింది ప్రభుదాసు, వేలం వేసే ఆయన ముందు, రానివాళ్ళ బిడ్లు రాసి ఉన్న పుస్తకం. ప్రభుదాసు చెయ్యెత్తినప్పుడల్లా ఆయన కిందికి చూసి, "బుక్‌లో ఇంకా ఉంది సర్" అంటున్నాడు. మాస్టారు నా చెవి దగ్గరికి వంగారు.

"మనవాడి మీద పాడేది ఎవరు బాబూ? కనపడ్డం లేదే."

"హాల్లో లేడు మాస్టారూ. ముందే రాసిచ్చి పోయాడు."

"లేనోడు ఎట్టా పాడతాడు? ఇక్కడే ఎక్కడో ఉండుంటాడు. నే చెప్పి చూస్తా ఉండు."

నేను ఆపేలోపే లేచారు. ప్యాంటు సరిచేసుకుని, వెనక్కి తిరిగి, హాలు మొత్తానికి రెండు చేతులూ జోడించారు. కుడివైపు వాళ్ళకి, ఎడమవైపు వాళ్ళకి, గోడవార నిలబడ్డవాళ్ళకి. "ఇది మా ఇంటి పేరండీ. దయచేసి వదిలెయ్యండి" అని తెలుగులోనే అన్నారు. వేలం వేసే ఆయన ఆగి, దాన్ని మీ బిడ్ అనుకోవచ్చా సర్ అని మర్యాదగానే అడిగాడు. కొంతమంది నవ్వారు. చెడ్డ నవ్వు కాదు గానీ నవ్వే. ప్రభుదాసు ఎర్రబడి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన హాల్లో అందరికీ దణ్ణం పెట్టారు, నాకు తప్ప. సొంతమనిషినని నాకు పెట్టలేదు.

అప్పుడైనా నేను లేవొచ్చు. ముందుకి నడిచి, ఆ బిడ్ నాది, తీసేస్తున్నా అని ఒక్క మాట అనొచ్చు. ఎవరూ నన్ను ఉరితీసేవారు కాదు. కదల్లేదు. ఆ జోడించిన చేతులు చూసి నాలో జాలి పుట్టలేదని చెబితే మీరు నమ్ముతారా? ఏదో గెలుపు లాంటిది పుట్టింది. ఆ క్షణంలో వాళ్ళిద్దరూ మళ్ళీ నేనెరిగిన చోట ఉన్నారు. అడిగే చోట.

ప్రభుదాసు తన ఆఖరి అంకె పాడాడు. వేలం వేసే ఆయన పుస్తకంలోకి చూసి, ఒక్క మెట్టు పైకి చెప్పాడు. అదే నా అంకె. పుస్తకంలో ఇంక ఏమీ లేదని ఆ హాల్లో ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్రభుదాసు నాన్న మీంచి నా వైపు వంగాడు.

"ఏమంటావ్ అన్నా? ఇంకొక్కటి పాడనా? క్రెడిట్ కార్డ్ ఉంది, ఎట్లనో మేనేజ్ చేస్తా."

"వద్దురా. వర్త్ కాదు. వాడెవడో ఎంతకైనా వెళ్ళేట్టున్నాడు."

"ఒక్కటేగా అన్నా. నాన్న కోసం."

"నా మాట విను. నీకు పిల్లలున్నారు."

నా మాట విన్నాడు. ఎప్పుడూ వినేవాడు. చెయ్యి దించేశాడు. సుత్తి పడింది.

పార్కింగ్‌లో, కారు డిక్కీ మీద ప్రభుదాసు భార్య కట్టిచ్చిన పులిహోర తిన్నాం. మాస్టారు ముందు ప్రార్థన చేశారు. ఆహారం కోసం, ప్రయాణం కోసం, నా కోసం, నా కారు కోసం. ఆ తర్వాత, ఆ కాగితం కొనుక్కున్న బిడ్డకి ఏ అవసరముందో నీకే తెలుసు తండ్రీ, అతన్ని దీవించు, దాన్ని జాగ్రత్తగా చూసుకునేలా చెయ్యి అన్నారు. నేను ఆమేన్ అన్నాను. అందరికంటే గట్టిగానే అన్నాను. పులిహోర బాగుంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మాస్టారు వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌కి కూడా నేనే దింపాను. మరుసటి ఏడు పోయారని కబురొచ్చింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడితే ప్రభుదాసు మాట్లాడుతూ, నాన్న ఆఖరిదాకా ఆ హాలు కథ ఊళ్ళో అందరికీ చెప్పుకుని నవ్వుకున్నాడని చెప్పాడు. "ఆరోజు అన్న పక్కన లేకపోతే నేను అప్పులపాలయ్యేవాణ్ణి" అని కూడా అన్నాడు. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను తల దించుకున్నాను. దాన్ని వినయమనుకున్నారు.

నోటు బ్యాంకు లాకర్లో ఉంది. మొదట్లో వెళ్ళి చూసేవాణ్ణి. ఆ సంతకం ఏమంత అందంగా ఉండదు. తొందరలో గీకినట్టుంటుంది. పాపం ఆ హోస్టెటర్ దొర రోజూ అలాంటి కాగితాల కట్టల మీద గీకి గీకి విసిగిపోయి ఉంటాడు. సముద్రాల అవతల తన పేరుతో ఒక పిల్లాడు పెరుగుతున్నాడని అతనికి గుర్తుందో లేదో. చూస్తుంటే నాకు ఆనందం రాదు. అమ్మలేను. ఎవరికీ చూపించలేను. పట్టుబట్టి సంపాదించుకున్నది నాకు చూసుకోవడానికి కూడా పనికిరాకుండా పోయింది, బాగా అయింది.

పేరు లేకుండా పోస్టులో పంపించేద్దామని అనుకున్నాను. కవరు కూడా కొన్నాను. కానీ ఏం జరుగుతుందో నాకు తెలుసు. ప్రభుదాసు ఆ ఆదివారమే ముందుకెళ్ళి ఏడుస్తూ సాక్ష్యం చెబుతాడు. నాన్న ప్రార్థన దేవుడు విన్నాడు, అద్భుతం చేశాడు అంటాడు. నేను చేసిన నీచం దేవుడి మహిమ అయిపోతుంది. నేను మొదటి వరసలో కూర్చుని దానికీ ఆమేన్ అనాలి. ఒకసారి అన్నాను. రెండోసారి నా వల్ల కాదు. ఇవ్వాలంటే నా పేరుతో, నా చేత్తో ఇవ్వాలి. ఇచ్చినా చూడవలసిన మనిషి లేడు. ఆలస్యం చేసింది కూడా నేనే.

ఇప్పటికీ కొత్త కేటలాగ్ వచ్చినప్పుడల్లా ప్రభుదాసు ఫోన్ చేస్తాడు. "మనది మళ్ళీ అమ్మకానికి వచ్చిందా అన్నా?" అంటాడు. మనది అంటాడు. లేదురా అంటాను. మొన్న కూడా అన్నాను. కాబట్టి ఇది ఎప్పుడో జరిగిపోయిన తప్పు కూడా కాదు. మొన్నటిది.

అతను నన్ను క్షమిస్తాడా? క్షమిస్తాడు. అదే నా భయం. అతను క్షమిస్తే మళ్ళీ అతనే పెద్దవాడవుతాడు, నేను భరించలేనిది మొదటినుంచీ అదే. చూశారా, ఒప్పుకునే చోట కూడా నేను ఎవరు పైన, ఎవరు కింద అనే కొలుస్తున్నాను. నేను మారానని మీకు చెప్పను. ఈ మాటలు ఒక్కసారి బయట పెట్టాలి, అంతే. గట్టిగా అనే ధైర్యం రాలేదు కాబట్టి రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకంటే నాకు దక్కకూడదు.

ప్రభూ, ఆ రోజు నీ మీద పాడింది నేనేరా. ఇంకొక్కటి పాడితే అది నీకు వచ్చేదని నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను.